ఇంటి పాళ్లు ఎవరు నిర్ణయించాలి?

అన్నవస్త్రాల తరువాత మానవునికి కావలసినది ఇల్లు. ఆ ఇంటి రూపురేఖలను ఇంతకాలం మేస్త్రీ అనుభవం, ఇంజనీరు లెక్క, ఇంటివారి అవసరం కలిసి నిర్ణయించాయి. ఇప్పుడు ఆ పనిలో నాలుగవ భాగస్వామిగా కంప్యూటర్ ప్రవేశించింది. అపార్టుమెంటులో ఏ గది ఎక్కడ ఉండాలో, ఏ కొలత ఫ్లాట్లు ఎన్ని ఉండాలో అది క్షణాలలో గీసి చూపుతున్నది. దీనిని చూచి భయపడవలసిన పని లేదు. మురిసిపోవలసిన పనీ లేదు. కంప్యూటర్‌కు ఏ పని అప్పగించాలి, ఏ పని మన చేతిలో ఉంచుకోవాలి అన్నదే విద్యావంతులు ఆలోచించవలసిన విషయమని మేము భావిస్తున్నాము.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ 1963లోనే తెరపై బొమ్మలు గీసే ‘స్కెచ్‌ప్యాడ్’ను రూపొందించాడు. 1978లో జార్జ్ స్టైనీ, విలియం మిచెల్ అనే పండితులు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో భవనాల ప్లానులకు ఒక వ్యాకరణం కూర్చారు. సూత్రాలు తెలిస్తే వాక్యం నిర్మించినట్లే ప్లానునూ నిర్మించవచ్చునని నిరూపించారు. 1982లో ‘ఆటోక్యాడ్’ వచ్చి ఇంజనీర్ల బల్లలపైకి చేరింది. నేటి సాఫ్ట్‌వేర్‌కు స్థలం హద్దులు, చుట్టూ వదలవలసిన ఖాళీ, అంతస్తుల సంఖ్య, ఒక పడకగది ఫ్లాట్లు నూటికి ఎన్ని, రెండు పడకగదులవి ఎన్ని అని చెబితే చాలు. వందలాది ప్లానులు గీసి, వాటిలో మేలైనదానిని ఎంచి ముందుంచుతున్నది.

మేలైనదనగా ఏది? చిక్కు ఇక్కడనే ఉన్నది. అమ్ముడుపోయే వైశాల్యమే మేలుకు కొలత అని మనం చెబితే, నడుమ ఒక్క కారిడారు వేసి దానికి రెండు ప్రక్కలా ఫ్లాట్లు పేర్చిన ప్లానుకే అది మొగ్గు చూపుతుంది. అందులో వృథా అయ్యే చోటు తక్కువ. కాని నడిమి ఫ్లాట్లకు ఒక్క ప్రక్కనే కిటికీలు ఉంటాయి. ఒక వైపున వచ్చిన గాలి మరొక వైపునకు పోదు. మన కోస్తా ఉక్కపోతలో ఆ ఇల్లు ఎట్లుండునో వేరే చెప్పనక్కర లేదు. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి ఉక్క ప్రాంతాలలో గది వైశాల్యంలో ఆరవ వంతు గాలి వచ్చే మార్గం ఉండాలన్నది. ఈ నియమాన్ని కంప్యూటర్ తు.చ. తప్పక పాటించగలదు. అయితే నియమం పాటించిన ఇల్లంతా సుఖమైన ఇల్లు కాదు.

మన పొరుగున ఉన్న చీరాల సంగతి చూడండి. అది నేత పరిశ్రమకు పేరుపొందిన ఊరు. గుంట మగ్గానికి నేలలో గుంట కావాలి. మూడవ అంతస్తు శ్లాబులో గుంట తీయుట ఎవరి తరం? ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం టిడ్కో సంస్థ 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లను తలపెట్టింది. సొంత గూడు లేనివారికి అది గొప్ప ఆసరాయే, కాదనము. కాని కొలత ఎంచునపుడు ఆదాయంతో పాటు వృత్తిని కూడ లెక్కించాలి. నేతగానికి ఇల్లే కర్మాగారం. కుట్టుపని చేసే తల్లికి ముందుగదే అంగడి. సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్నలలో ‘పడకగదులెన్ని’ అన్నది ఉన్నది. ‘ఇంట్లో చేసే పని ఏది’ అన్న ప్రశ్నను మనమే చేర్చవలసి ఉన్నది.

ఇంకొక మాట కష్టమైనా చెప్పక తప్పదు. 1985 జూలై 17న కారంచేడులో దళితులపై జరిగిన దాడిలో ఆరుగురు హతులయ్యారు. చెరువు నీటి విషయమై రేగిన తగవు అందుకు దారితీసింది. ప్రాణాలు దక్కించుకున్నవారు చీరాలకు చేరి తలదాచుకున్నారు. ఆ ఘోరానికి మూలం కులాహంకారం, భూమిపై పెత్తనం. అందులో సందేహం లేదు. కాని ఊరు ఒక చోట, వాడ ఒక చోట అన్న అమరిక ఆ అహంకారానికి తరతరాల ఆనవాలు. ఎవరి ఇల్లు ఎవరి ప్రక్కన, ఎవరి దారి ఎటు అన్నవి కాగితం మీద గీతలే. ఆ గీతలలోనే ఒక సమాజం దాగి ఉంటుంది. పాత క్రయవిక్రయాల లెక్కలను కంప్యూటర్‌కు పాఠంగా నేర్పితే, పాత ఎడబాటునే అది క్రొత్త భవనంలో తిరిగి గీస్తుంది. న్యూయార్క్‌లో ఒక మేడలో తక్కువ అద్దెవారికి వేరే ద్వారం పెట్టబోగా 2014లో పెద్ద దుమారం రేగింది. వెలివాడ మేడమీద కూడ వెలయగలదనుటకు ఇంతకంటే తార్కాణం వేరే కావాలా?

కనుక కంప్యూటర్‌ను ముట్టుకొనక ముందే మూడు పనులు జరగాలని మా అభిప్రాయం. మొదటిది, ఆ ఇళ్లలో కాపురం ఉండబోవువారిని అడిగి కుటుంబ పరిమాణం, వృత్తి, ముసలివారి అవసరం తెలిసికొనుట. రెండవది, ఏ లాభానికీ వదులుకోరాని నియమాలను ముందే వ్రాసి పెట్టుకొనుట: ప్రతి ఇంటికి ఎదురుగాలి, చిన్న ఫ్లాటుకూ పెద్ద ఫ్లాటుకూ ఒకే ద్వారం, ఒకే మెట్లు, నడవలేనివారికి నేల అంతస్తు. మూడవది, ఎంచిన ప్లానుతో పాటు త్రోసిపుచ్చిన ప్లానులను కూడ చూచి, త్రోసిపుచ్చిన కారణం అడుగుట.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటే. సాఫ్ట్‌వేర్ నేర్పే తరగతులు తప్పక పెట్టండి. వాటితో పాటు విద్యార్థులను టేపు, పుస్తకం ఇచ్చి చుట్టుప్రక్కల పల్లెలకు, పేటలకు పంపండి; నేతగాని ఇల్లు, కూలి ఇల్లు, టైలరు ఇల్లు కొలిచి రమ్మనండి. ఆ కొలతలు ఎరిగినవాడే కంప్యూటర్‌ను సరియైన ప్రశ్న అడుగగలడు.

విద్యార్థులారా! ప్లాను గీయుట ఇక యంత్రం పని కావచ్చు. ఆ ఇంట ఎవరు ఉండాలి, ఎవరి ప్రక్కన ఉండాలి, ఎంత గాలి పీల్చాలి అన్నవి మాత్రం మీరు జవాబుదారీ వహించవలసిన ప్రశ్నలు. వాటిని యంత్రానికి వదలివేయకండి.