జలగండం

కిందటివారం చింతకాయ పచ్చడి గురించి రాస్తానని మాట ఇచ్చాను. చింతకాయ పచ్చడి పాతబడితే పథ్యానికైనా పనికొస్తుంది గాని, ప్రయాణం కబుర్లు పాతబడితే వినేవాళ్ళుండరు. అంచేత ఈ వారం అండమాను సంగతులు. పచ్చడి వచ్చేవారం.

మావారు రిటైరై ఏడాదయింది. పెళ్ళయి ముప్ఫైనాలుగేళ్ళయినా మేమిద్దరం తిరుపతి, షిరిడీ, పెళ్ళిళ్ళు, పురుళ్ళు తప్ప వేరే ప్రయాణం ఎరగం. ఈ ఫిబ్రవరిలో మా అబ్బాయి మమ్మల్ని అడక్కుండానే టిక్కెట్లు కొనేసి, "ఈసారి గుళ్ళు కాదమ్మా, సముద్రం" అన్నాడు. నా గుండెల్లో రాయి పడింది. ఎందుకంటారా? నాకు జలగండం ఉంది.

ఉందని మా అమ్మ అంటుంది. నాకు ఊహ తెలిసినప్పట్నించీ అంటూనే ఉంది. కోనసీమలో పుట్టి కాలవలో కాలు పెట్టి ఎరగను నేను. రాజమండ్రిలో గోదావరి కనిపించే ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేసి, 2015 పుష్కరాల్లో అందరూ మునకలు వేస్తుంటే, మెట్టుమీద కూచుని చెంబుతో నెత్తిన పోయించుకున్నాను. మా పెళ్ళికి జాతకాలు చూసిన సిద్ధాంతిగారిని మా అత్తగారు ఈ గండం మాట అడిగారట. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "అలాంటిదేమీ కనబడదే!" అన్నారట. అయినా అమ్మ ఒప్పుకోలేదు.

అసలు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నాకు రెండేళ్ళప్పుడు మా పెద్దన్నయ్య స్నేహితులతో కాలవకి ఈతకి వెళ్ళి తిరిగి రాలేదు. వాడికి పదకొండేళ్ళు. నా గండం జాతకంలోంచి వచ్చింది కాదు, ఆ కాలవలోంచి వచ్చింది. ఆ రోజునించీ అమ్మ కూడా పారే నీళ్ళల్లోకి దిగలేదు.

సరే, బయల్దేరాం. మేము దిగిన దీవి పేరు హేవలాక్. 1857 నాటి ఇంగ్లీషు సేనాని పేరది. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు కదా, సరిగ్గా 75 ఏళ్ళకి, 2018లో అదే రోజున ఈ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురం అయింది. దీవిలో ఊళ్ళ పేర్లు మాత్రం చెవికి చల్లగా ఉంటాయి: గోవింద్ నగర్, రాధానగర్, శ్యామ్ నగర్, కృష్ణనగర్. తూర్పు బెంగాలు విడిచి వచ్చిన కుటుంబాలు పెట్టుకున్న పేర్లట. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళు దేవుణ్ణయినా వెంట తెచ్చుకున్నారు.

మొదటి రోజు తెల్లవారుతూనే మావారు చేతిగడియారం చెవి దగ్గర పెట్టుకుని చూస్తున్నారు.

"ఇది పాడైనట్టుందోయ్. ఆరు కాకుండానే ఎండ మొహాన కొడుతోంది!"

గడియారం పాడవలేదు. మన దేశానికంతటికీ లెక్కగట్టిన గడియారం ఎనభై రెండున్నర డిగ్రీల రేఖది. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగానే పోతుంది. అండమాను దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన సూర్యుడు మనకంటే నలభై నిమిషాలు ముందే అక్కడ హాజరు. సాయంత్రం ఐదున్నరకల్లా దుకాణం కట్టేస్తాడు కూడాను.

ఆ రోజు మావారి కార్యక్రమం ఎలిఫెంట్ బీచి. అక్కడికి పడవలో పోవచ్చు, లేదా అడవిలోంచి సుమారు రెండు కిలోమీటర్లు నడవవచ్చు. పడవ అనగానే నా మొహం చూసి, "నడుద్దాం లే. నువ్వు ఒడ్డున కూచుని సంచీ చూసుకో, నేను నీళ్ళల్లోకి దిగి వస్తాను" అన్నారు. చిన్నప్పుడు లాకుల దగ్గర ఈదిన సంగతి ఆయన కనీసం వెయ్యిసార్లు చెప్పి ఉంటారు. ఆ రోజు వెయ్యిన్నొకటోసారి విన్నాను.

మాకు దారి చూపించిన కుర్రవాడు మనవాడే. తాతగారు శ్రీకాకుళం వైపునించి కూలిపనికి వచ్చి అక్కడే స్థిరపడ్డారట. ఇందులో వింతేమీ లేదు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తరవాత ఎక్కువమంది మాట్లాడేది మన తెలుగే. "పిన్నిగారూ, వేర్లు చూసుకుని నడవండి" అని అతను అంటుంటే, సముద్రం దాటి వచ్చానన్న మాట కాసేపు మరిచిపోయాను.

అడవి అంటే అడవే. ఎండ నేలకి దిగదు. చెట్ల మొదళ్ళు గోడల్లాగా పక్కలకి సాగి నిలబడ్డాయి. ఒకప్పుడు ఈ అడవుల్లో కలప లాగడానికి ఏనుగుల్ని తెచ్చేవారట. వాటిలో రాజన్ అనే ఏనుగు సముద్రంలో ఈదటంలో పేరు పొందింది. 2016లో చనిపోయింది.

"విన్నావా? ఏనుగు ఈదిందట!" అన్నారు మావారు నాకేసి చూస్తూ.

"దానికి అమ్మ జలగండం చెప్పలేదు కాబోలు" అన్నాను.

చివర్న చిత్తడి నేల. మడ చెట్లు, బురద, చిన్న చిన్న పీతలు. పోటు వచ్చినప్పుడు ఆ దారి నీళ్ళల్లో మునుగుతుందిట, అంచేత తిరుగు ప్రయాణం వేళ చూసుకుని చెయ్యాలన్నాడు కుర్రవాడు. చెప్పులు చేత పట్టుకుని దాటాం. ఎదుట సముద్రం. ఇసకలో ఆకుల్లేని పెద్దపెద్ద చెట్లు వేళ్ళతో సహా పడి ఉన్నాయి. 2004 సునామీ తరవాత పడ్డవని చెప్పాడు. నాకు ఒళ్ళు జలదరించింది. మా అమ్మ భయం ఉత్తుత్తిది కాదు సుమండీ! ఆ దీవుల్లో మొసళ్ళున్నాయని హెచ్చరించే బోర్డులు కూడా ఉన్నాయి. 2010లో ఇదే దీవిలో రాధానగర్ వైపు నీళ్ళల్లో దిగిన ఒక ప్రయాణికురాలిని మొసలి పొట్టన పెట్టుకుంది. దిగమన్నచోటే దిగాలి, రమ్మన్నప్పుడు రావాలి.

మావారు చొక్కా విప్పి, గాలి జాకెట్టు తొడుక్కుని సిద్ధమయ్యారు. కళ్ళకీ ముక్కుకీ కలిపి ఒక అద్దం, నోట్లో ఒక గొట్టం. ముక్కు మూసేస్తారు, గాలి నోటితోనే పీల్చాలి. అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రాయాలని కుర్రవాడు చెబితే, ఆచారవంతులైన మావారి మొహం చూడాలి!

దిగారు. మొహం ముంచారు. మరుక్షణం లేచి దగ్గు. ఈత వచ్చినవాడికి ఊపిరి బిగబట్టడం అలవాటు, గొట్టంతో పీల్చడం అలవాటు లేదు. మళ్ళీ ముంచారు, మళ్ళీ ఉప్పునీళ్ళు మింగారు. మూడోసారి కాస్త కుదిరింది. బాగుంది అని చెప్పడానికి బొటనవేలు పైకెత్తారు. కుర్రవాడు చటుక్కున ఆయన్ని పైకి లేపేశాడు. నీళ్ళల్లో ఆ సైగకి 'పైకి తీసుకుపో' అని అర్థమట. బాగుందనాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. ఒడ్డున కూచున్న నేను నవ్వాపుకోలేకపోయాను.

ఆయన రొప్పుతూ వచ్చి నా పక్కన కూలబడ్డారు. కోప్పడతారనుకున్నాను. కాసేపటికి మెల్లగా అన్నారు: "నీకయితే వస్తుందోయ్. నీకు ఈత రాదు కదా, నీళ్ళతో పోట్లాడవు."

ముప్ఫైనాలుగేళ్ళలో ఆయన నాకు చేతకాని పనిని మెచ్చుకోవడం అదే మొదలు. ఎందుకు లేచానో నాకిప్పటికీ తెలీదు. కుర్రవాడు నన్ను మోకాలిలోతులోనే నిలబెట్టి, ముందు అద్దం లేకుండా గొట్టంతో పీల్చమన్నాడు. తరవాత అద్దం పెట్టి మొహం మాత్రం ముంచమన్నాడు. భయం వేస్తే లేవవచ్చునన్నాడు. ఏడెనిమిదిసార్లు లేచాను. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చివరికి జాకెట్టు తేలుస్తుంటే, ఒక రబ్బరు చక్రం పట్టుకుని పడుకున్నాను. చక్రానికి అవతలి పక్క మావారు. కుర్రవాడు ముందునించి లాగుతున్నాడు.

నేల దిగిపోయింది. నా గుండె చప్పుడు, గొట్టంలో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అప్పుడు కళ్ళు తెరిచాను.

కింద ఊళ్ళకి ఊళ్ళున్నాయి. పగడాలంటే ఉంగరంలో రాయి అనుకునేదాన్ని. అవి ప్రాణులు. ఒక్కో గుట్టా వేలకొద్దీ చిన్నజీవుల కాపురం. వాటి ఒంట్లో ఉండే సన్నటి నాచు వాటికి తిండీ పెడుతుంది, రంగూ ఇస్తుంది. నీళ్ళు వేడెక్కితే ఆ నాచుని వదిలేసి అవి పాలిపోతాయి. 2010లో, 2016లో అండమానులో అలా చాలా పాలిపోయాయి. నేను చూసినచోట కూడా కొన్ని ఎముకల్లాగా తెల్లగా, బూడిదగా ఉన్నాయి. వాటి పక్కనే మళ్ళీ లేత చిగుళ్ళలాంటి కొమ్మలు. చిలకముక్కు చేప ఒకటి వచ్చి పగడాన్ని కొరుకుతోంది. అలా కొరికి మింగిన సున్నమే ఇసకగా బయటికి వస్తుందట. ఆ చేప మమ్మల్ని లెక్కచెయ్యలేదు.

అన్నయ్య గుర్తొచ్చాడు. ఏడుపు వచ్చింది. అద్దం లోపల ఏడవకూడదని ఎవరూ చెప్పలేదు, అదీ కొంచెం నిండింది. మావారు చక్రం మీదుగా చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నారు. బొటనవేలు ఎత్తలేదు, సున్నా చుట్టారు. నేనూ చుట్టాను.

ఒడ్డుకొచ్చాక మావారు ఒక తెల్లటి పగడపు ముక్క జేబులో వేసుకోబోతే కుర్రవాడు వద్దన్నాడు. 1972 నాటి వన్యప్రాణి చట్టం పగడాలకీ వర్తిస్తుంది, చచ్చిన ముక్కయినా పట్టుకుపోకూడదు. పెట్టేశారు. తిరుగుదారిలో పోటు అందుకుంది, చిత్తడి నేల మీద మోకాళ్ళ వరకూ నీళ్ళు. ముందు నేను నడిచాను.

తోటి ఇల్లాళ్ళకి ఒక మాట. నాకు ధైర్యం వచ్చిందని రాయడం లేదు. అది రాలేదు. మోకాలిలోతులో నిలబెట్టి, లేవవచ్చునని చెప్పి, విసుక్కోని మనిషి దొరికాడు, అంతే. మీ పిల్లలకి ఈత నేర్పించండి. నేర్పేవాడు తొందరపెట్టే రకమయితే మాన్పించి ఇంకొకణ్ణి చూడండి.

ఆ రాత్రి అమ్మకి ఫోను చేశాను. ఎనభైనాలుగేళ్ళు ఆవిడకి. ఇసకలో కూచున్నానని చెబుదామనుకున్నాను. నోరు జారింది.

"సముద్రంలో దిగానమ్మా. మొహం ముంచి లోపలంతా చూశాను."

తిట్టలేదు. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత అడిగింది:

"లోపల చీకటిగా ఉంటుందా?"

యాభై ఏళ్ళు దాటింది ఆ ప్రశ్న ఆవిడలో ఉండి. కాలవ నీళ్ళు వేరని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

"లేదమ్మా. వెలుతురుగానే ఉంటుంది" అన్నాను.

"ఊఁ" అంది. ఇంకాసేపటికి, "అల్లుడుగారు భోంచేశారా?" అని అడిగింది.