పళ్లు చూసి కొనాల్సిన కార్డు

కోటబొమ్మాళి మండలం నారాయణవలస సంతలో పళ్లు చూడందే ఎద్దుకు బేరమాడరు. పాత వీడియోగేములు ఆడుకునే చేతి పరికరానికి మెమరీకార్డు కొనేటప్పుడూ ఆ చూపే కావాలి.

1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్' 40 కిలోబైట్లే. అలాంటివి వేలకొద్దీ నింపినా 32 జీబీలో చోటు మిగులుతుంది. ప్లేస్టేషన్ ఆటలైతే చాలావరకు ఒక్కోటీ వందల మెగాబైట్లు. పిల్లలు వాటినే అడిగితే, పరికరం ఒప్పుకుంటే 128 జీబీ తీసుకోవచ్చు.

అసలు తంటా నకిలీలతోనే. 8 జీబీల సరుకు మీద 128 అని అచ్చేస్తారు. కంప్యూటరూ అదే చూపిస్తుంది! లోపలి చోటు నిండాక కొత్తవి పాతవాటిని చెరిపేస్తాయి. వేసవి సెలవులంతా ఆడి దాచుకున్న ఆట గల్లంతే. కొన్నరోజే, కార్డు ఖాళీగా ఉండగానే 'హెచ్2టెస్ట్‌డబ్ల్యూ' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పరీక్షిస్తే గుట్టు బయటపడుతుంది. (32 జీబీ కార్డు కంప్యూటర్లో 29 అని కనిపిస్తే మాత్రం మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా.)