రుచి చూసినవాళ్లంతా కొంటారా?

మా పక్కింటి వదిన కరివేపాకు పొడి కొడితే వీధంతా ఘుమఘుమే. "ఇది అమ్మితే ఎగబడి కొంటారు వదినా!" అని ఊదరగొట్టింది మేమే. పాపం నిజమే అనుకుని, గొలుసు తాకట్టు పెట్టి, పొడులు కొట్టే మిషను, ఐదొందల డబ్బాలు, అచ్చేసిన లేబుళ్లు తెచ్చుకుంది. తీరా మేం కొన్నది తలో డబ్బా. అదీ మొహమాటానికి! గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

మెచ్చుకోవడానికి డబ్బులక్కర్లేదు కదా! అందుకే మిషను మాట తర్వాత. ముందు ఇంట్లో మిక్సీలోనే రెండు కిలోలు కొట్టి, చుట్టాలూ స్నేహితులూ కానివాళ్లకు అమ్మి చూడాలంటాను. "బావుందా?" అని కాదు, "వచ్చేవారానికి పావుకిలో రాసుకోనా? సగం డబ్బులు ఇప్పుడిస్తారా?" అని అడగాలి. నసిగారంటే సంగతి తెలిసిపోతుంది. ఇప్పుడు పొడి ఎక్కడ, ఎంతకు కొంటున్నారో కూడా అడగాలి. కానీ డబ్బు అడగాలంటే మనకు సిగ్గు. పెట్టి పంపడం నేర్పారు గానీ వెల చెప్పడం ఎవరు నేర్పారు?

1959లో బొంబాయిలో లిజ్జత్ అప్పడాలు మొదలుపెట్టిన ఏడుగురు ఇల్లాళ్ల చేతిలో ఉన్నది అప్పు తెచ్చిన 80 రూపాయలు. తొలిరోజు చేసింది నాలుగే ప్యాకెట్లు. అవి భులేశ్వర్‌లో తెలిసిన వ్యాపారికి అమ్మారు. మిషన్లేవీ లేవు.

నిన్న వదిన కందిపొడి తెచ్చి "ఎలా ఉందో చెప్పు" అంది. ఈసారి పర్సు తీశాకే నోరు విప్పాను.