మోనో పోతే దాని చోట ఏది?

ఒకప్పుడు మన పల్లెల్లో పురుగుమందు అంటే ఎండ్రినే. అది పోయాక మోనోక్రోటోఫాస్ ఇల్లిల్లూ చేరింది. 2013 జులైలో బీహారులోని ఛాప్రా ప్రాంతంలో బడిలో అన్నం తిన్న 23 మంది పిల్లల్ని బలిగొన్నది ఈ మందే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ పత్తిచేలల్లో మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. అక్కడ వాడిన మందుల్లోనూ ఇది ఉంది.

2020 మేలో కేంద్రం 27 మందుల్ని నిషేధిస్తామని ముసాయిదా తెచ్చింది. ఇంత చవకైన ప్రత్యామ్నాయం లేదు, రైతే నష్టపోతాడని కంపెనీలు గోల పెట్టాయి. (ధరలు పెంచేటప్పుడు ఈ ప్రేమ ఎక్కడికి పోతుందో!) 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి మూడు మందులూ, వాటితోపాటు మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణమూ మాత్రమే నిషేధంలో మిగిలాయి. ఉన్న సరుకు అమ్ముకోడానికి గడువు సరేసరి.

అయితే ఒక మందును తీసేస్తే దాని చోట ఏది వస్తుందన్నదే అసలు సంగతి. 1980ల తొలి రోజుల్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చినప్పుడు మనిషికి ప్రమాదం తక్కువ, ఎకరానికి కొంచెం చాలు అన్నారు. అది అబద్ధమేమీ కాదు. కానీ అదే పనిగా కొట్టేసరికి పురుగును తినే మిత్రపురుగులు చచ్చాయి. గుంటూరు, ప్రకాశం పత్తిలో తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88 నాటికి శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగడం మానేసింది. ప్రకాశం జిల్లా పత్తి రైతులు అప్పులపాలై ఆత్మహత్యలు చేసుకున్నది అప్పుడే. ఒంటికి తక్కువ విషమైన మందు అప్పు రూపంలో ప్రాణం తీసింది.

సీసా లేకుండా పంట తీసినవాళ్లు లేకపోలేదు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల రైతులు వేపగింజల కషాయం, మిర్చి-వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతో పత్తి పండించారు. 2004 నాటికే తమది మందు కొట్టని ఊరు అనిపించుకున్నారు.

అది ఊరూరా ఎందుకు సాగలేదు? ఎకరానికి పది కిలోల వేపపప్పు దంచాలి, రాత్రంతా నానబెట్టాలి, వడగట్టాలి. ఆ కూలి ఎవరిస్తారు? కౌలు రైతుకు అప్పిచ్చేదీ, ఏ మందు కొట్టాలో చెప్పేదీ మందుల కొట్టువాడే. అతను కషాయం అప్పివ్వడు. మోనో లేకపోతే మరో సీసా చేతిలో పెడతాడు. నిషేధం ఉత్తర్వుతోపాటే సహకార సంఘాల్లో వేపపప్పు నిలవ ఉంచాలి, కషాయం తయారీకయ్యే కూలి ప్రభుత్వం భరించాలి. కౌలు రైతుకు బ్యాంకు అప్పు అందితే గానీ అతను ఆ కొట్టు గడప దిగలేడు.