మోకాటి మీటను మూలబడనీయకుడు

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములలో తిరునాళ్ళ రాత్రులందు పద్యనాటకము సాగునప్పుడు, నటుని రాగమును తెల్లవారువఱకు మోయునది రంగస్థలము ప్రక్కనుండు హార్మోనియమే. 1840వ దశకమున పారిసు నగరమున అలెగ్జాండర్ దెబెన్ పేటెంటు పొందిన యీ వాద్యము మన నాటకములలో పాదములతో తొక్కు కాలి పెట్టెగా స్థిరపడినది. అట్టి పాత పెట్టెలు కొన్నింట మోకాటితో ప్రక్కకు నొక్కు మీట యుండును. అది లోపలి తలుపును తెఱవగా నాదము ఉబుకును, విడువగా అణగును. చేతులు మెట్లపై, పాదములు తిత్తులపై నిమగ్నమైయున్న వాద్యకారునికి భావతీవ్రతను తెలుపుటకు మిగిలినది ఆ మోకాలే గదా!

మీట స్వస్థానమునకు రాకున్నచో స్ప్రింగు సడలినదనియు, తలుపు మూసినను నాదము తగ్గకున్నచో అంచునందలి ఉన్నిగుడ్డను పురుగు తిన్నదనియు గ్రహింపవలెను. ఇక నాదము పలుకు రేకగు ఇత్తడి రీడు కొనను గీకినచో శ్రుతి హెచ్చును, మొదలును గీకినచో తగ్గును; గీకుట అధికమైనచో రేకు పలుచబడి విఱుగును. ఱాతిపై ఉలి మోపు ఆళ్ళగడ్డ శిల్పికెంత నిగ్రహము వలయునో పెట్టెను సవరించు పనివానికిని అంతే వలయును.

ఆకాశవాణి 1940 నుండి 1971 వఱకు హార్మోనియమును బహిష్కరించినను నాటకము దానిని విడువలేదు. నేడు కీబోర్డు వచ్చినదని విడుచుట అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము. కీబోర్డు శ్రుతి తప్పదు, నిజమే, కాని తొక్కుడుతో పెరిగి తరుగు ఆ ఊపిరి దానికి లేదు. సాంస్కృతిక శాఖవారు నంద్యాలలో రీడు సవరింపును, తిత్తికుట్టును, మీట బిగింపును నేర్పు శిక్షణశాలను నెలకొల్పవలెను. నాటక సమాజములవారు పాత పెట్టెలను తూకమునకు అమ్మకముందు ఒక్కసారి మూత తీసి చూడుడని వేడుచున్నాను.