పడవకి టాపు కట్టేముందు

చాంపియన్ రీఫ్స్‌లో పుట్టిన మన ఇంట్లో పడవ కొన్న మొదటివాడు మా తమ్ముడి కొడుకు. టెక్సాస్‌లో ఆస్టిన్ దగ్గర లేక్ ట్రావిస్‌లో తిప్పుకోను 16 అడుగుల పాత ఫైబర్ పడవ. పోయిన వారం ఫోన్ చేసినాడు. "పెదనాయనా, ఎండకి పిల్లోళ్లు ఉండలేకున్నారు. మడిచే టాపు తెప్పించినా. ఆదివారం నాలుగు స్క్రూలు బిగిస్తే అయిపాయ" అన్నాడు.

ఆ నాలుగు స్క్రూల మాట నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మీ అందరికీ చెప్పాలనిపించింది.

ఈ టాపు మన రిక్షా టాపుకి తమ్ముడే. వంచిన గొట్టాలు మూడో నాలుగో, వాటి మీద గుడ్డ, ముందుకీ వెనక్కీ లాగి పట్టే పట్టీలు. తేడా ఒకటే. రిక్షా మెల్లగా పోతుంది, పడవ గాలిలోకి దూసుకుపోతుంది. వేగం రెండింతలైతే గుడ్డ మీద గాలి తోపు నాలుగింతలవుతుంది. ఆ బలమంతా గుడ్డ మీద ఆగదు. పట్టీల్లోంచి, గొట్టాల్లోంచి దిగి స్క్రూ దిగిన చోటికే వస్తుంది. పలచటి ఫైబర్‌లో ఉత్త స్క్రూ ఎన్నాళ్లు నిలుస్తుంది?

మా నాయన గనిలో దుంగలు నిలబెట్టే పని చేసినాడు. 3 కిలోమీటర్లకి పైగా లోతుకి దిగిన గని అది. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పగిలే చోటు. పై రాయిని కడ్డీతో తట్టి శబ్దం వినేవాడు, ఆ తర్వాత దుంగ కాలు దేనిమీద నిలబడిందో చూసేవాడు. "పైకప్పును చూసి మురిసిపోవద్దురా, దాని కాలు చూడు" అనేవాడు. 2001లో గనులు మూతపడినాక మనం తలా ఒక దిక్కు పోయినాం. ఆ మాట మాత్రం మనతో రావాల.

"కంపెనీవాళ్లే స్క్రూలు ఇచ్చినారు కదా" అంటాడు వాడు. వాళ్లు అన్ని పడవలకీ ఒకటే పొట్లం కడతారు. నీ పడవ వాళ్లు చూడలేదు నాయనా. ముందు టాపును తాళ్లతో ఊరికే నిలబెట్టు. స్టీరింగ్ దగ్గర కూర్చో, లేచి నిలబడు, చుట్టూ కనిపిస్తోందా చూడు. మడిచినప్పుడు ఎక్కడ వాలుతుందో చూడు. అప్పుడు గుర్తు పెట్టు. రంధ్రం వేసేముందు కింద వైరుగానీ పెట్రోలు గొట్టంగానీ ఉందేమో వెతుకు. స్క్రూకి బదులు స్టెయిన్‌లెస్ బోల్టు వెయ్యి, కింద వెడల్పాటి పట్టీ పెట్టి నట్టు బిగించు, నీళ్లు దిగకుండా సీలెంట్ పుయ్యి. చెయ్యి దూరకపోతే మూత ఉన్న చిన్న కిటికీ కొయ్యి. ఒక పూట పని రెండు పూటలు కానీ, నష్టమేముంది?

ఇంకో మాట. గాలి లేస్తే టాపు మడవాల. ట్రెయిలర్ మీద రోడ్డెక్కేముందు మడిచి, తొడుగు వెయ్యాల. మడిచే టాపు కొన్నది మడవడానికే. నీడ వచ్చింది కదా అని పిల్లల లైఫ్ జాకెట్ విప్పొద్దు. ఇంత చిన్న పడవ నడుస్తుంటే 13 ఏళ్లలోపు పిల్లలకి అది వేసి ఉండాలన్నది టెక్సాస్‌లో చట్టం కూడా.

ఆదివారం పని ఆపమని చెప్పినా. వీడియో కాల్‌లో టాపు చూపిస్తానన్నాడు. టాపు వద్దు, కింద నట్లు చూపించమన్నా.