బీభత్సమంతా క్షీణ సంస్కృతేనా?

బీభత్స చిత్రమనగానే మన మిత్రులు కొందరు ‘క్షీణ సంస్కృతి’ అని ముద్రవేసి చేతులు దులుపుకుంటారు. ఒకప్పుడు నేనూ అంతే, అది పొరపాటు.

ఫ్రెంచి దర్శకురాలు కొరలీ ఫార్జానే తీసుకోండి. 2017 నాటి ‘రివెంజ్’లో, చచ్చిందనుకొని ఎడారిలో వదిలేసిన యువతి వేటగాళ్లనే వేటాడుతుంది. 2024లో కాన్ ఉత్సవంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి పొందిన ‘ది సబ్‌స్టెన్స్’లో, యాభయ్యో పుట్టినరోజునాడే టెలివిజన్ అధికారి ఒక తారను గెంటేస్తాడు. ఆమె సూదిమందు పొడుచుకొని, వీపు చీల్చుకొని, పడుచు శరీరాన్ని కంటుంది. స్త్రీ దేహాన్ని సరుకు చేసిన మార్కెట్టు, ఆ సరుకు పాతబడగానే ఏం చేస్తుందో ఇంత సూటిగా మన ఉపన్యాసాల్లో ఏది చెప్పింది?

ఆ కథానాయిక ఒంటరిది. సంఘటిత పోరాటం ఎరగదు. నిజమే. కాని రోగాన్ని చూపిన అద్దాన్ని, మందివ్వలేదని పగలగొట్టడం విమర్శ కాదు.